పరుల చెర విడిపించబోయిన రాయబారి

1963 ఏప్రిల్ 2వ తేదీన న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి భవనంలో ఒక కొత్త కమిటీ మొదటిసారి సమావేశమైంది. పదకొండు దేశాలకు అందులో సభ్యత్వం ఉంది. వాటిలో ఒక్కటి కూడా పెద్ద రాజ్యం కాదు. పాశ్చాత్య దేశాలన్నీ అందులో చేరడానికి నిరాకరించాయి. అల్జీరియా, ఘనా, నైజీరియా, సోమాలియా, మలయా, నేపాల్, హైతీ, కోస్తారికా వంటి పేర్లు వరుసగా చదివితే, శక్తిమంతుల దర్బారులో ఇవి ఏపాటి అని అనిపించక మానదు. దక్షిణాఫ్రికాలోని జాతివివక్ష విధానాన్ని నిత్యం కనిపెట్టి ఉండి, సమితికి నివేదించడం ఆ కమిటీ విధి.

దానికి తొలి అధ్యక్షుడుగా ఎన్నికైనది నలభై ఏళ్లయినా నిండని గినీ దేశ రాయబారి బూబకర్ డియాలో తెల్లీ. దాని కార్యదర్శిగా ఉండి కాగితాలూ సాక్ష్యాలూ సమకూర్చినవాడు మన తెలుగువాడు, నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. రెడ్డి గారిని గురించి మన పత్రికలు ఆలస్యంగానైనా కొంత వ్రాశాయి. ఆయన మొదటి అధ్యక్షుణ్ణి గురించి తెలుగులో వచ్చినది బహు స్వల్పం. అందుచేత ఈసారి ఈ శీర్షికను తెల్లీ కథకు కేటాయిస్తున్నాను. ఇది సుఖాంతం కాదని ముందుగానే మనవి చేయడం మంచిది.

ఆ కమిటీ ఎదుర్కొన్న మొదటి అభ్యంతరం చాలా పాతది. జాతివివక్ష తమ సొంత ఇంటి వ్యవహారమనీ, సభ్యదేశాల ఆంతరంగిక విషయాలలో కలుగజేసుకునే అధికారం సమితికి లేదని సమితి నిబంధనలే చెబుతున్నాయనీ దక్షిణాఫ్రికా ప్రభుత్వం వాదించేది. 1946లో అక్కడి భారతీయుల దుస్థితిని మన దేశం సమితి ముందు పెట్టినప్పుడు, విజయలక్ష్మీ పండిట్ ప్రసంగానికి వచ్చిన జవాబు కూడా ఇదే. పదిహేడేళ్లు గడిచినా ఆ జవాబు మారలేదు. తెల్లీ న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. నిబంధనను నిబంధనతోనే ఎదుర్కోవడం ఆయనకు తెలుసు. మనిషిని చర్మం రంగును బట్టి చెరలో పెట్టడం ఏ దేశానికీ ఆంతరంగిక విషయం కానేరదన్నదే ఆ కమిటీ పనికంతకూ ప్రాతిపదిక. ఈ వాక్యాన్ని పాఠకులు మనసులో ఉంచుకోవాలి. ఆయన జీవిత చరమదశలో దీనితో మళ్లీ అవసరం పడుతుంది.

పెద్ద దేశాలు దూరంగా ఉండడం ఒక విధంగా కలిసివచ్చింది. అడ్డుపుల్లలు వేసేవారు లేకపోవడంతో కమిటీ ఏకాభిప్రాయంతో, ఎవరూ ఊహించనంత వేగంగా పనిచేసింది. జులైలో స్వదేశం నుంచి బహిష్కృతురాలైన గాయని మిరియం మకేబా దాని ముందుకు వచ్చి తన ప్రజల స్థితిని నివేదించింది. ఆగస్టు 7న భద్రతా మండలి దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మవద్దని సభ్యదేశాలను కోరింది. అక్టోబరు 9న నెల్సన్ మండేలా మీదా, ఆయన సహచరుల మీదా రివోనియా విచారణ ప్రారంభమైంది. మరణశిక్ష తప్పదని అందరూ భయపడుతున్న సమయమది. రెండు రోజులు తిరగకుండానే, 11వ తేదీన, సర్వప్రతినిధి సభ ఆ విచారణను ఆపాలనీ, రాజకీయ ఖైదీలందరినీ బేషరతుగా విడుదల చేయాలనీ తీర్మానించింది. అనుకూలంగా నూటఆరు ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ దక్షిణాఫ్రికాది. మరుసటి సంవత్సరం జూన్‌లో మండేలాకు పడినది ఉరి కాదు, యావజ్జీవ శిక్ష. ఈ ఫలితానికి ఆ తీర్మానం ఒక్కటే కారణమని చెప్పలేం గాని, దానికి ఇందులో పాత్ర లేదనడం మాత్రం అన్యాయం.

ఇంతకూ ఈ తెల్లీ ఎవరు?

గినీ దేశపు నడిబొడ్డున ఫూతా జాలోన్ అనే కొండసీమ ఉన్నది. పశువుల మందలకూ, ఇస్లామీయ విద్యకూ పేరుబడ్డ ఫులానీ జాతివారి నేల అది. అక్కడి పోరెదాకా గ్రామంలో 1925లో ఆయన జన్మించాడు. ఆ ఊరి పేరు ఆ దేశ చరిత్రలో అప్పటికే ఉంది. 1896లో ఫూతా జాలోన్ స్వతంత్ర పాలకులలో కడపటివాడైన బోకర్ బిరోను ఫ్రెంచి సైన్యం ఓడించినది అక్కడే. ఓటమి జరిగిన ముప్పై ఏళ్లకు అదే మట్టిలో పుట్టిన పిల్లవాడు, ఓడించినవారి బడిలోనే చదివి, వారి పరీక్షలే నెగ్గి పైకి వచ్చాడు. దకార్‌లోని బోధనాభ్యసన పాఠశాల, అటుపైన పారిస్, 1951లో న్యాయశాస్త్ర పట్టం, 1954లో డాక్టరేటు. సెనెగల్‌లోని తియెస్ న్యాయస్థానంలో ప్రభుత్వ న్యాయవాదికి సహాయకుడుగా చేరి, కొంతకాలం దహోమీలోని కోతోనూలో పనిచేసి, 1955లో దకార్‌లోని ఫ్రెంచి హైకమిషనర్ కార్యాలయంలో ప్రధానాధికారి అయ్యాడు. పశ్చిమాఫ్రికాలోని ఫ్రెంచి పాలనలో ఒక ఆఫ్రికావాసి అంతవరకు అందుకున్న పదవులన్నిటిలో అదే ఉన్నతమైనది. మన ఐ.సి.యస్. కాలం ఎరిగిన కుటుంబాలకు ఈ మెట్ల వరుస కొత్తగా అనిపించదు. 1957లో ఆ ప్రాంతపు మహాసభకు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఆ దారినే సాగి ఉంటే ఫ్రాన్సులో గౌరవంగా పింఛను పుచ్చుకుని కన్నుమూసేవాడు.

1958లో ఆ దారి తెగిపోయింది. వలస దేశాలన్నీ ఫ్రాన్సు నీడన ఒక సముదాయంగా ఉండాలా, విడిపోవాలా అన్నది తేల్చడానికి జనరల్ డి గాల్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపించాడు. బానిసత్వంలోని సంపద కంటె స్వేచ్ఛతో కూడిన పేదరికమే మేలని కోనాక్రీలో ఆయన ముఖానే చెప్పినవాడు కార్మిక నాయకుడు సేకూ తూరే. సెప్టెంబరు 28న ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలన్నీ ‘ఔను’ అంటే గినీ ఒక్కటే ‘కాదు’ అన్నది. నూటికి తొంభై అయిదుగురు ‘కాదు’ అన్నారు. అక్టోబరు 2న స్వాతంత్ర్యం ప్రకటించారు. ఫ్రెంచివారి కోపం ఎంత పసితనంగా ఉన్నదంటే, వెళ్లిపోయే అధికారులు కార్యాలయాల్లోని ఫైళ్లతోపాటు టెలిఫోన్లు కూడా పట్టుకుపోయారు. చేతిలో కాగితం లేదు, బొక్కసంలో డబ్బు లేదు, పెద్ద చదువులు చదివినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వేళ్లలో తెల్లీ ఒకడు. దకార్‌లోని పదవిని విడిచి వచ్చి, కొత్త దేశానికి గొంతు కావడానికి న్యూయార్క్ వెళ్లాడు. డిసెంబరు 12న గినీకి సమితిలో సభ్యత్వం వచ్చింది. ఎవరూ ఎదురు ఓటు వేయలేదు. ఫ్రాన్సు మాత్రం తటస్థంగా ఉండి అలక ప్రదర్శించింది. మరుసటి ఏడాది నుంచి 1961 వరకు అమెరికాలో రాయబారి బాధ్యత కూడా ఆయనే మోశాడు.

1963 మే 25న అద్దిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఆవిర్భవించింది. 1964 జులైలో కైరోలో సమావేశమైన దేశాధినేతలు తెల్లీని ఆ సంస్థకు తొలి శాశ్వత ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఎన్నుకున్న పదవి పేరును ఒక్కసారి పరికించండి. సంస్థ నిబంధనావళి ఆయనను కేవలం ‘ప్రధాన కార్యదర్శి’ అనలేదు, ‘పాలనా ప్రధాన కార్యదర్శి’ అన్నది. విశేషణాలను పొల్లుమాటలుగా భావించి వదిలివేసే అలవాటు అనువాదకులలో కొందరికి ఉంది. ఇక్కడ మాత్రం ఆ పదవికి ఉన్న గొలుసంతా ఆ విశేషణంలోనే ఉన్నది. గుమాస్తాలను అజమాయిషీ చేయడం, సమావేశాలకు కుర్చీలు వేయించడం, తీర్మానాలు అచ్చువేయించడం నీ పని. రాజకీయం మా పని అని దేశాధినేతలు ఆ ఒక్క మాటతో చెప్పారు. తరువాతి కాలంలో ఆ విశేషణాన్ని తొలగించారు గాని, అది తెల్లీకి ఉపయోగపడలేదు.

ఆయన దానిని లెక్కచేయలేదు. సంస్థ తరఫున ప్రకటనలు చేశాడు, ప్రయాణాలు చేశాడు, విముక్తి ఉద్యమాల పక్షాన బాహాటంగా మాట్లాడాడు. దానితో మితవాద దేశాధినేతలకు కంటగింపు అయ్యాడు. పని సైతం సులువైనది కాదు. 1965 నవంబరులో రొడీషియా శ్వేతజాతీయులు తమంతట తామే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. డిసెంబరు 15లోగా ఆ తిరుగుబాటును అణచకపోతే బ్రిటన్‌తో సంబంధాలు తెంచుకోవాలని సంస్థ మంత్రిమండలి తీర్మానించింది. గడువు తీరింది. ముప్పై అయిదుకు పైబడిన సభ్యదేశాలలో మాట నిలబెట్టుకున్నవి పదికి మించలేదు. 1966లో ఘనాలో నృక్రూమాను పడగొట్టిన సైనిక ప్రభుత్వం అంతకంటె విచిత్రమైన పని చేసింది. అద్దిస్ అబాబాలో జరిగే సంస్థ సమావేశానికే పోతున్న గినీ విదేశాంగ మంత్రిని, ఆయన బృందంతో సహా అక్రా విమానాశ్రయంలో విమానం నుంచి దించి నిర్బంధించింది. ప్రధాన కార్యదర్శి దేశపు ప్రతినిధులే సంస్థ సభకు రాలేని స్థితి! ఆ వెంటనే నైజీరియాలో బియాఫ్రా యుద్ధం వచ్చింది. లక్షలమంది ఆకలితో మరణించారు. అది నైజీరియా ఆంతరంగిక విషయమన్నదే సంస్థ వైఖరి. ఇన్ని చికాకుల మధ్యనే 1968లో ఆయన రెండవసారి ఎన్నికయ్యాడు.

ఇక స్వదేశం సంగతి. స్వేచ్ఛతో కూడిన పేదరికం కోరిన దేశానికి పేదరికం మాత్రమే మిగిలింది. సేకూ తూరేకు ప్రతి నీడలోనూ కుట్ర కనిపించేది. కొన్ని కుట్రలు నిజమే కూడా. 1970 నవంబరు 22న పోర్చుగీసు సైనికులు, గినీ ప్రవాసులతో కలిసి సముద్రం మీదుగా వచ్చి కోనాక్రీ మీద దాడిచేశారు. ఆ దాడి విఫలమైంది. దాని పేరు చెప్పి మొదలైన అరెస్టులకు మాత్రం హద్దు లేకపోయింది. 1971 జనవరిలో మాజీ మంత్రులతో సహా నలుగురిని నగరంలోని వంతెనకు ఉరితీసి, జనానికి చూపించారు. నగరం నడుమనే బొయిరో శిబిరమనే సైనిక కారాగారం నిండిపోయింది.

ఆ శిబిరానికి వెళ్లినవారిలో ఒకని పేరు ఇక్కడ చెప్పక తప్పదు. జాతివివక్ష కమిటీలో తెల్లీ తరువాత అధ్యక్ష స్థానంలో కూర్చున్నవాడు కూడా గినీ రాయబారే, పేరు అష్కర్ మారోఫ్. ఆఫ్రికా నృత్యబృందంతో దేశాలు తిరిగిన కళాకారుడు, చక్కని వక్త. 1968లో ఆయనను స్వదేశానికి పిలిపించి నిర్బంధించారు. 1971 జనవరిలో కాల్చి చంపారు. ఆ సంగతి కుటుంబానికి తెలిసినది 1985లో. దక్షిణాఫ్రికా ఖైదీలను విడిచిపెట్టమని ప్రపంచాన్ని అభ్యర్థించిన కమిటీకి మొదటి ఇద్దరు అధ్యక్షులూ సొంతదేశపు జైలులోనే ప్రాణాలు విడిచారు.

అవును, ఇద్దరూ. 1972 జూన్‌లో రబాత్ సమావేశంలో తెల్లీకి మూడవ అవకాశం దక్కలేదు. కామెరూన్‌కు చెందిన ఎన్జో ఎకంగాకి ఆ పదవికి వచ్చాడు. వెళ్లవద్దని మిత్రులు హెచ్చరించారు. ప్రపంచంలో ఏ రాజధానిలోనైనా ఆయనకు ఆశ్రయం దొరికేది. అయినా ఆయన కోనాక్రీకే తిరిగివెళ్లాడు. ఆగస్టులో సేకూ తూరే ఆయనను న్యాయశాఖ మంత్రిగా నియమించాడు.

ఎందుకు వెళ్లాడన్న ప్రశ్నను చాలామంది వేశారు. దేశభక్తి అన్నవారున్నారు, తన కీర్తే తనకు కవచమని నమ్మాడన్నవారున్నారు. నాకు తోచేది ఏమంటే, పద్నాలుగేళ్లు ఒక దేశం పేరు చెప్పుకుని లోకమంతా తిరిగిన మనిషికి, ఆ దేశాన్ని తప్పించుకుని పారిపోవడమంటే తాను చెప్పినదంతా బొంకని ఒప్పుకోవడమే అవుతుంది. అయితే ఆయనను కేవలం బలిపశువుగా చిత్రించడం కూడా సత్యం కాదు. అష్కర్ మారోఫ్ నాలుగేళ్లుగా కనిపించకుండా పోయిన దేశంలో ఆయన న్యాయశాఖ మంత్రిత్వం స్వీకరించాడు. బొయిరో శిబిరం మీద ఆ శాఖకు అధికారం లేదు; అక్కడి విచారణలు అధ్యక్షుని సొంతవారైన విప్లవ కమిటీ చేతిలో ఉండేవి. అధికారం లేదన్నది వాస్తవం. ఆ కుర్చీలో నాలుగేళ్లు కూర్చున్నదీ వాస్తవమే. ఆయనను అభిమానించేవారు మొదటిదాన్ని చెప్పి రెండవదాన్ని దాటవేస్తారు.

1976 జులై 18న ఆయనను ఇంటి వద్ద అరెస్టు చేశారు. ఫులానీ జాతివారంతా కలిసి ప్రభుత్వాన్ని కూలదోయబోయారన్నది ఆరోపణ. ఆ వేసవిలో సేకూ తూరే ఆ జాతిని మొత్తంగా నిందిస్తూ బహిరంగంగా ప్రసంగాలు చేశాడు. ఒక జాతిలో పుట్టడమే నేరమన్న వాదనను ప్రపంచ వేదిక మీద ఖండించినవాడు, ఆ నేరానికే దోషి అయ్యాడు. విచారణ నడిపిన కమిటీకి అధిపతి అధ్యక్షుని సోదరుడు ఇస్మాయిల్ తూరే. తాను అమెరికా గూఢచారి సంస్థకు పనిచేశానని తెల్లీ ‘ఒప్పుకున్నట్లు’ వాంగ్మూలం వెలువడింది. హింసించి రాబట్టిన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య తప్ప ఉంచకూడదు. న్యాయస్థానం లేదు, న్యాయవాది లేడు, తీర్పు లేదు.

1977 ఫిబ్రవరిలో ఆయనతో పాటు మరి నలుగురికి, వారిలో ఇద్దరు మాజీ మంత్రులు, ఇద్దరు సైనికాధికారులు, తిండీ నీళ్లూ రెండూ ఆపివేశారు. గది తలుపు వేస్తే మళ్లీ శవం కోసమే తీస్తారు. బొయిరో ఖైదీల ఫ్రెంచి పరిభాషలో ఈ శిక్షకు ‘దియేత్ నువార్’ అని పేరు. ఇంగ్లీషువారు దీనిని ‘బ్లాక్ డైట్’ అన్నారు. తెలుగులో ‘నల్ల పథ్యం’ అని వ్రాసినా తప్పుపట్టేవారుండరు గాని, ఆ మాట నాకు నచ్చలేదు. పథ్యమంటే జబ్బుపడి లేచినవానికి కారం తగ్గించి కలిపిపెట్టే అన్నం. అందులో ఒక చేయి ఉంటుంది, ఆ చేతిలో దయ ఉంటుంది. వైద్యుల వాడుకలో ఆ ఫ్రెంచి మాటకు అసలు ఏమీ తినకుండా ఉండడమనే అర్థం కూడా ఉన్నది. అప్పుడు మన ‘లంఖణం’ దానికి సరిపోతుంది. పరమౌషధమని మన పెద్దలు చెప్పిన లంఖణం. నల్ల లంఖణం. వైద్యం పేరు పెట్టుకున్న హత్యకు ఆ మాటలోని వెక్కిరింత కొంతైనా దక్కుతుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల సంధిలో తెల్లీ మరణించాడు. వయసు యాభై రెండు మించలేదు.

ఎనిమిదేళ్లు తాను నడిపిన ఆఫ్రికా ఐక్యతా సంస్థ నోరు మెదపలేదు. మెదపకపోవడానికి దానికి నిబంధన అడ్డం ఉన్నది. సభ్యదేశాల ఆంతరంగిక వ్యవహారాలలో జోక్యం కూడదన్నది ఆ సంస్థ మూలసూత్రాలలో ఒకటి. వలసపాలకులు మళ్లీ చొరబడకుండా ఉండడానికి కొత్త దేశాలు కట్టుకున్న గోడ అది. ఆ విధంగా చూస్తే దానిలో న్యాయమున్నది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం తనకు తాను కట్టుకున్న గోడ కూడా అదే ఇటుకలతో కట్టినదే. న్యూయార్క్‌లో ఆ గోడను బద్దలుకొట్టిన న్యాయవాది, అద్దిస్ అబాబాలో దానికి ద్వారపాలకుడుగా ఉన్నాడు. కోనాక్రీలో దాని వెనుక చనిపోయాడు. ఆయన అధ్యక్షతన సాక్ష్యం చెప్పిన మిరియం మకేబా ఆ సంవత్సరాలలో గినీలోనే సేకూ తూరే ఆతిథ్యంలో ఉంటూ, 1975లోనూ 1976లోనూ గినీ ప్రతినిధిగా సమితి సర్వప్రతినిధి సభలో జాతివివక్షకు వ్యతిరేకంగా ప్రసంగించింది. అందుకు ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఇల్లు లేనివారికి చోటిచ్చినవాని వంటింట్లోకి తొంగిచూసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

1984లో సంస్థ శిఖరాగ్ర సమావేశానికి కోనాక్రీయే వేదిక కావలసి ఉన్నది. సేకూ తూరే దానికి అధ్యక్షత వహించవలసి ఉన్నది. మార్చి 26న ఆయన అమెరికాలోని క్లీవ్‌లండ్ ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్స సమయంలో మరణించాడు. వారం తిరగగానే, ఏప్రిల్ 3న, సైన్యం అధికారం చేజిక్కించుకుని బొయిరో తలుపులు తెరిచింది. బతికి బయటపడ్డవారు నోరు విప్పాక గాని నల్ల లంఖణం సంగతి లోకానికి పూర్తిగా తెలియలేదు. శిఖరాగ్ర సభ అద్దిస్ అబాబాకు మారింది. 2002లో ఆ సంస్థ స్థానంలో ఆఫ్రికా సమాఖ్య ఏర్పడినప్పుడు, నరమేధం వంటి ఘోరాలు జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కును దాని నిబంధనావళిలో చేర్చారు. అయిదుగురిని ఒక గదుల వరుసలో ఎండగట్టి చంపడానికి అది వర్తిస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేరు.

రెడ్డి గారు సమితిలో ఉండి ఆ కమిటీ పనిని ఇంకా చాలాకాలం మోశారు. 1976 నుంచి 1983 వరకు జాతివివక్ష వ్యతిరేక కేంద్రానికి సారథ్యం వహించారు. 1994లో మండేలా అధ్యక్షుడు కావడం కళ్లారా చూశారు. 2020 నవంబరు 1న, తొంభై ఆరేళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

తెల్లీ జీవితచరిత్రను శ్రద్ధగా వ్రాసినవాడు ఒక ఫ్రెంచి దౌత్యవేత్త, ఆంద్రే లెవిన్. గినీకీ ఫ్రాన్సుకూ పదేళ్లు తెగిన సంబంధాలను 1975లో మళ్లీ అతికించినవాడు ఆయనే. తెల్లీ అరెస్టయిన నాడు కోనాక్రీలో ఫ్రెంచి రాయబారి కూడా ఆయనే. ఆ పుస్తకం 1990లో వెలువడింది. అప్పటికి లెవిన్ మన న్యూఢిల్లీలో ఫ్రాన్సు రాయబారిగా పనిచేస్తున్నాడు.